రన్‌వేకి ఒక లెక్క, పొలానికి ఒక లెక్కా?

గన్నవరం విమానాశ్రయం ప్రహరీకి అటు రన్‌వే, ఇటు వరి పొలాలు. అటు దిగబోయే పైలట్‌కి గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తోంది, చూపు ఎంత దూరం ఆనుతోంది, మబ్బు ఎంత ఎత్తున ఉంది, వేడి ఎంత, గాలి పీడనం ఎంత అన్నీ ముందే చెబుతారు. దీన్ని మెటార్ నివేదిక అంటారు. పెద్ద విమానాశ్రయాల్లో అరగంటకోసారి ఇస్తారు. మధ్యలో గాలి తిరిగినా, ఉరుముల వాన పట్టుకున్నా అరగంట అయ్యేదాకా ఆగరు, వెంటనే ఇంకో నివేదిక పంపుతారు. పొగమంచులో రన్‌వే మీద చూపు కొలిచే 'దృష్టి' పరికరాన్ని బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్ మన దేశంలోనే తయారుచేసింది.

ప్రాణాలతో పని కాబట్టి అంత జాగ్రత్త ఉండాల్సిందే. దాన్ని మేము తప్పుపట్టడం లేదు. అయితే ఆ యంత్రాల దగ్గర మేము గమనించిన విషయం ఒకటుంది. అవి పనిచేయకపోతే ఆ మాట దాచరు. కొలత అందకపోతే నివేదికలో అంకె ఉండాల్సిన చోట అడ్డగీతలు పెడతారు. అమెరికాలో విమానాశ్రయాల దగ్గర 900కు పైగా ఉన్న ఆసోస్ అనే ఆటోమేటిక్ కేంద్రాలైతే, తమకు మరమ్మతు అవసరమైనప్పుడు నివేదిక చివర డాలర్ గుర్తు తామే వేస్తాయి. ఫోన్ చేస్తే యంత్రమే ఆ లెక్కలు చదివి వినిపిస్తుంది. పైలటా, పక్క పొలం రైతా అని అడగదు.

ఇక మన సంగతి. వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారం తేల్చేది పొలంలో ఎండిన పంట కాదు, ఆ ప్రాంతానికి నిర్ణయించిన వాతావరణ కేంద్రం చెప్పే అంకె. గట్టుకు ఈ పక్క వాన పడి ఆ పక్క పడని రోజులు మనకు కొత్త కాదు. మండలం మొత్తానికి ఒక కేంద్రం పెట్టి, పది కిలోమీటర్ల అవతల చేను తడిసిందో లేదో అదే తేలుస్తుందంటే ఎలా? మేము తిరిగిన చోట్ల ఆఫీసు గోడకు ఆనించినట్టు పెట్టిన కేంద్రాన్ని చూశాం. తీగ పాకిన వానమాపకాన్ని కూడా చూశాం. అది పనిచేస్తోందా అంటే చెప్పేవాళ్లు లేరు. ఆ అంకె మీదే మన ప్రీమియం, మన పరిహారం!

మండలానికో ఆటోమేటిక్ కేంద్రం, పంచాయతీకో వానమాపకం పెట్టాలని కేంద్ర ప్రభుత్వమే 2023లో విండ్స్ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద మంచి మాటే. అది అమలు కావాలి. దాంతోపాటు రోజువారీ కొలత పంచాయతీ బోర్డు మీద రాయాలి. యంత్రం ఆగిన రోజున 'ఆగింది' అనే రాయాలి. ఆగిన రోజుల అంకెలు ఎక్కడి నుంచి తెచ్చి పూరించారో బీమా కంపెనీ రైతుకు లిఖితపూర్వకంగా చెప్పాలి. మా డిమాండ్ ఇదే.

సభ్యులు ఈ నెలలో ఒక పని చేయండి. మీ మండల కేంద్రంలోని వానమాపకం దగ్గరకు వెళ్లి చూడండి. పక్కనున్న చెట్టు గానీ గోడ గానీ ఎంత ఎత్తుందో, కనీసం దానికి రెండింతల దూరంలో మాపకం ఉండాలి. అలా లేకపోతే ఫోటో తీసి, తేదీ వేసి, మండల కమిటీకి ఇవ్వండి. తహసీల్దారుకు ఇచ్చే వినతిపత్రానికి వాటిని జతచేస్తాం.