టీడబ్ల్యూఆర్‌పీ బ్యాకప్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి

కస్టమ్ రోమ్ మార్చే ముందు టీడబ్ల్యూఆర్‌పీలో బ్యాకప్ తీసుకుంటే చాలనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా. సికింద్రాబాద్‌లో మా రూమ్‌లో, రాత్రి ఒంటిగంటకి లీనేజ్ ఓఎస్ వేద్దామని ‘ఫార్మాట్ డేటా’ నొక్కి, అడిగినట్టే ‘యస్’ అని టైప్ చేశా. ఫొటోలు పోయాయి. బ్యాకప్ ఫైల్ కూడా పోయింది, అదీ ఫోన్‌లోనే ఉంది మరి! నానమ్మ వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు కూడా అందులోనే. డ్రైవ్ నిండిందని వాట్సాప్ బ్యాకప్ ఆపింది నేనే. నానమ్మ ఇప్పుడు లేదు.

అసలు సంగతేంటంటే, బ్యాకప్‌లో ‘డేటా’కి టిక్ పెట్టినా టీడబ్ల్యూఆర్‌పీ ఇంటర్నల్ స్టోరేజ్‌ని కాపీ చేయదు. ఫొటోలు, వాట్సాప్ మీడియా ఉండేది అక్కడే. పోనీ యాప్‌ల డేటా అయినా దక్కుతుందా అంటే, పాత రోమ్ డేటాని కొత్త రోమ్ మీద రీస్టోర్ చేస్తే చాలాసార్లు బూట్‌లూపే. నా దృష్టిలో ఆ బ్యాకప్ పాత రోమ్‌కి వెనక్కి వెళ్లడానికే, మన జ్ఞాపకాలు దాచుకోవడానికి కాదు.

ఈఎఫ్‌ఎస్ బ్యాకప్ మాత్రం తప్పకుండా తీయండి, ఐఎంఈఐ పోతే నెట్‌వర్క్ కూడా రాదు. ఇంటర్నల్ స్టోరేజ్ మొత్తం ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేయండి. ఆండ్రాయిడ్ 11 నుంచి వాట్సాప్ ఫోల్డర్ ‘ఆండ్రాయిడ్’ లోపల ‘మీడియా’లో ఉంటుంది, అది వచ్చిందో లేదో చూడండి. ఒక వాయిస్ మెసేజ్ ప్లే చేసి విన్నాకే ఫ్లాష్ చేయండి.