అనుమానం ఎందుకొచ్చిందో చెప్పాల్సిందే

1963 అక్టోబర్ 31. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో మఫ్టీలో ఉన్న డిటెక్టివ్ మార్టిన్ మెక్‌ఫాడెన్ కంట ఇద్దరు పడ్డారు. ఒకరి తర్వాత ఒకరు వెళ్లి అదే షాపు అద్దంలోకి తొంగిచూడటం, వచ్చి గుసగుసలాడటం, మళ్లీ వెళ్లడం. ఇలా దాదాపు డజనుసార్లు. దోపిడీకి రెక్కీ అనిపించి ఆయన దగ్గరికెళ్లి పేర్లడిగాడు. సరిగ్గా జవాబు రాలేదు. వాళ్లలో ఒకడైన టెర్రీ కోటు పైనుంచి తడిమితే పిస్టల్ తగిలింది. అదే టెర్రీ కేసు. ఆ తనిఖీ సబబేనని 1968లో అమెరికా సుప్రీంకోర్టు 8-1 తేడాతో తేల్చింది.

ఈ తీర్పును పోలీసుకిచ్చిన ఖాళీ చెక్కులా చూసేవాళ్లున్నారు. నిజానికి అందులో రెండు తాళాలున్నాయి. మనిషిని ఆపాలంటే, నేరం జరుగుతోందనో జరగబోతోందనో అనుమానించడానికి తాను కళ్లారా చూసిందో, గట్టిగా తెలిసిందో పోలీసు చెప్పగలగాలి. తడమాలంటే, ఆ మనిషి దగ్గర ఆయుధముందని, ప్రమాదముందని అనుకోవడానికి వేరే కారణం కావాలి. తడమడం కూడా బట్టల పైనుంచే, ఆయుధం కోసమే.

1993 నాటి డికర్సన్ కేసు చూడండి. మినియాపొలిస్‌లో ఓ పోలీసు చేతికి జాకెట్ జేబులో చిన్న ఉండ తగిలింది. ఆయుధం కాదని తెలిసిపోయింది. అయినా దాన్ని నొక్కి, అటూ ఇటూ జరిపి, వేళ్లతో నలిపి చూశాడు. దొరికింది కొకైనే. అయినా ఆ సాక్ష్యం చెల్లదంది సుప్రీంకోర్టు. ఆయుధం కాదని తెలిశాక చెయ్యి అక్కడే ఆగాలి. దొరికింది కాబట్టి వెతకడం ఒప్పే అనే వాదనకు ఇంతకంటే గట్టి జవాబు నాకు తెలియదు.

కాగితం మీది నియమం వీధిలో ఏమవుతుందో న్యూయార్క్ చూపించింది. 2011లో అక్కడి పోలీసులు సుమారు 6.85 లక్షలసార్లు మనుషుల్ని ఆపారు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది మీద ఏ కేసూ లేదు. ఎక్కువమంది నల్లజాతివారు, లాటినోలు. ఆపినప్పుడల్లా పోలీసు నింపే ఫారంలో ‘దొంగచాటు కదలికలు’ అన్న గడిలో టిక్కు పెడితే చాలు, కారణం చెప్పినట్టే! ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని 2013లో ఫెడరల్ జడ్జి షైరా షీండ్లిన్ తీర్పిచ్చారు. ఆ ఫారాలే లేకపోతే ఆ లెక్క ఎవరికీ తేలేది కాదు.

ఇక మన దగ్గరికొస్తే, 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో గంజాయి తనిఖీల పేరిట పోలీసులు దారిన పోయేవాళ్లను ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో ‘గంజాయి’ అని టైప్ చేసి వెతికారు. వీడియోలు అందరం చూశాం. అరెస్టయినవాడి ఫోన్ చూడటానికి కూడా వారంటు తెచ్చుకోవాలని 2014లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. మన మాదకద్రవ్యాల చట్టంలోనూ 50వ సెక్షన్ ఉంది. ఒంటిమీద సోదాకు ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట జరిపించుకునే హక్కు ఉందని ఆ మనిషికి చెప్పి తీరాలి. ఒంటికే అంత రక్షణ ఉన్నచోట, బతుకంతా దాచుకున్న ఫోన్‌ను నడిరోడ్డు మీద తెరిపిస్తారా? ఇష్టపడే ఇచ్చారంటే నేనొప్పుకోను. ఖాకీలు చుట్టూ నిలబడితే కాదనే ధైర్యం ఎందరికుంటుంది?

రెండు తెలుగు రాష్ట్రాల డీజీపీలనూ నేనడిగేది ఒకటే. ఎవరిని, ఎక్కడ, ఏం చూసి ఆపారో ప్రతిసారీ రాయించండి. గడిలో టిక్కు కాదు, వాక్యంగా రాయించండి. ఆ కాగితం నకలు ఆపిన మనిషి చేతికివ్వండి.