కాగితం మీది చట్టాన్ని కదిలించిందెవరు?

పలమనేరు నుంచి వి.కోట మీదుగా సరిహద్దు దాటితే కోలార్ బంగారు గనులు. బంగారం తీసిన ఆ ఊళ్లోనే మనుషుల చేత మలం ఎత్తించారు. ఆ పని చేసిన తెలుగు దళిత కుటుంబంలో 1966లో పుట్టారు బెజవాడ విల్సన్.

ఆ పనిని నిషేధిస్తూ 1993లో చట్టమొచ్చింది. కాగితం మీదే నిద్రపోయింది. విల్సన్, ప్రజల ఐఏఎస్ ఎస్.ఆర్.శంకరన్ తదితరుల సఫాయి కర్మచారి ఆందోళన్ వాడవాడా తిరిగి రుజువులు పోగేసింది. 2003లో సుప్రీంకోర్టుకెక్కింది. 2013లో పునరావాసం కల్పించే కొత్త చట్టమొచ్చింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలివ్వాలని 2014లో కోర్టు తీర్పిచ్చింది. 2023లో అది 30 లక్షలైంది.

సీమకు నీళ్లలో తొలి ప్రాధాన్యమన్న 1937 శ్రీబాగ్ ఒడంబడికా కాగితంగానే మిగిలింది. కాగితాన్ని కదిలించేది ఉపన్యాసం కాదు, గడప గడపా తిరిగే కార్యకర్త.

విద్యార్థులారా, ఉద్యోగ మిత్రులారా! మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాడల్లోకి వెళ్లండి. సెప్టిక్ ట్యాంకులోకి దిగే మనిషి ఉన్నాడేమో చూడండి. కూలికి బెంగళూరు పోయినవాళ్ల ముసలి తల్లిదండ్రులకు కూడెవరు పెడుతున్నారో అడగండి. పేర్లతో సహా రాసుకోండి. ఆ జాబితాయే రేపటి సీమ రాష్ట్రానికి తొలి చట్టం కావాలి. రాష్ట్రమొచ్చినా ఆ మనిషి గుంతలోనే ఉంటే, వచ్చింది ఎవరి రాష్ట్రం?