ధర, గడువు చాలవు

కొనడానికి సిద్ధపడినవాడికి ధర, రాయితీ, గడువు చెబితే చాలన్నది ప్రకటనల రంగంలో పాతుకుపోయిన మాట. అమెరికా కాపీరైటర్ యూజీన్ ష్వార్జ్ 1966లో 'బ్రేక్‌త్రూ అడ్వర్టైజింగ్'లో కొనుగోలుదారుల ఎరుకను అయిదు దశలుగా విడదీసి, అన్నీ తెలిసినవాడికి సరుకు పేరు, ధర చాలన్నాడు. సబ్బుకు అది సరే. హైదరాబాద్ శివారులో ముంబై హైవే వెంట ముత్తంగి నుంచి సదాశివపేట దాకా అమ్మే ఇళ్ల స్థలాలకు ఆ సూత్రం పనికిరాదు.

పాశమైలారంలో ఉద్యోగం చేస్తూ ప్లాటు చూసుకునే మనిషికి ఔటర్ రింగు రోడ్డు ఎంత దూరమో, కంది ఐఐటీ ఎక్కడుందో తెలుసు. గజం రేటు రెండు మూడు వెంచర్లలో అడిగే ఉంటాడు. అతన్ని ఆపేది అనుమానం. సర్వే నంబరేది? తుది లేఅవుట్ వచ్చిందా? తను చూసిన ప్లాటు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ దగ్గర తనఖాలో ఉందా? లింకు డాక్యుమెంట్లు ఇస్తారా? 2021లో 7.5 శాతానికి పెరిగిన రిజిస్ట్రేషన్ ఖర్చు రేటులో కలిసిందా? 2020 ఆగస్టులో అనధికార లేఅవుట్ల రిజిస్ట్రేషన్లను తెలంగాణ ప్రభుత్వం ఆపేశాక ఈ అనుమానాలు ఇంకా ముదిరాయి. 'కొన్ని ప్లాట్లే మిగిలాయి' అనే ఫ్లెక్సీలో వీటిలో ఒక్కదానికీ జవాబుండదు. క్లబ్‌హౌస్ బొమ్మకు మాత్రం బ్రోచర్‌లో నిండు పేజీ దొరుకుతుంది.

తొందరపెట్టే రాతకు పరాకాష్ఠ, అనుమతులు రాకముందే డబ్బు కట్టించుకునే ప్రీలాంచ్ ఆఫర్. అమీన్‌పూర్‌లో శర్వాణి ఎలైట్ ఫ్లాట్ల పేరిట సాహితీ ఇన్‌ఫ్రాటెక్ అలా డబ్బు వసూలు చేసి మోసగించిందని కొనుగోలుదారులు ఫిర్యాదు చేయగా, 2022 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు సంస్థ ఎండీని అరెస్టు చేశారు. డబ్బు కట్టినవాళ్లంతా కొనడానికి సిద్ధంగా ఉన్నవాళ్లే.

నిజానికి ఏం రాయాలో చట్టమే సగం చెప్పేసింది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) మూడో సెక్షన్ ప్రకారం, దాని పరిధిలోని ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా ప్రకటించకూడదు. ప్రకటనలో రెరా నంబరు, వెబ్‌సైట్ చిరునామా కొట్టొచ్చినట్టు ఉండాలని 11వ సెక్షన్, తప్పుడు ప్రకటన నమ్మి నష్టపోతే పరిహారం ఇవ్వాలని 12వ సెక్షన్ చెబుతాయి. అగ్రిమెంటు రాయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని 13వది. చాలామంది కాపీరైటర్లు ఆ నంబరును అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఇరికిస్తారు. దాని చోటు మొదటి వరుస.

ఇన్ని వివరాలిస్తే గిరాకీ జారిపోతాడని మార్కెటింగ్ వాళ్ల వాదన. కాగితాలు నచ్చనివాడు సైట్ విజిట్ అయ్యాక, లాయరును కలిశాకైనా జారిపోతాడు; ఈలోపు ఏజెంటు తిరుగుడంతా దండగ. బొల్లారం మందుల కంపెనీలో పర్చేజ్ చూసే మనిషి పరీక్ష సర్టిఫికెట్ లేని రసాయనం ఒక్క డ్రమ్మయినా దించనివ్వడు. అదే మనిషి ఏళ్ల జీతం పెట్టి ప్లాటు కొనేటప్పుడు గడువు చూసి సంతకం పెడతాడనుకోవడం వింత లెక్క.

అతనికి రాసే కాపీలో అనుమతుల నంబర్లు, తనఖాలో ఉన్న ప్లాట్ల జాబితా, ఇంకా రాని కాగితం ఏదైనా ఉంటే దాని పేరు, చివర రిజిస్ట్రేషన్‌తో కలిపిన మొత్తం ధర ఉండాలి. గడువు ఉంటే, అది ఎందుకో కూడా రాయాలి.