నదుల ఒడ్డున ఎలక్ట్రానిక్ తుక్కు కాల్చడంపై తీర్మానం

(జంట నగరాల్లో టీవీలు, కంప్యూటర్లు, ఫోన్లు బాగుచేసే పనివారి సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా ఆమోదించినది)

మొరాదాబాద్ నగరంలో రామగంగ ఒడ్డున ఏళ్ల తరబడి సాగిన ఎలక్ట్రానిక్ తుక్కు దహనాన్ని ఈ సభ తీవ్రంగా ఖండిస్తోంది. ఇత్తడి పనికి పేరుపడ్డ ఆ ఊళ్లో, ఆ పని సన్నగిల్లాక ఎన్నో కుటుంబాలు బతుకుతెరువు కోసం ఈ తుక్కు పనిలోకి వచ్చాయి. దేశం నలుమూలల నుంచి చేరిన సర్క్యూట్ బోర్డులను కాల్చి, ఆ బూడిదను నూరి, నది నీళ్లలో కడిగి లోహాలు ఏరుకోవడం అక్కడి పద్ధతి. మిగిలిన నల్లపొడి ఒడ్డునే గుట్టలు పడింది. అక్కడ ఇలాంటి వ్యర్థాలు పడేసేవారిపై లక్ష రూపాయల జరిమానా వేయాలని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పవలసి వచ్చింది. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని దేశమంతటా నిషేధించి, కాల్చినవారికి 5,000 రూపాయలు, భారీగా కాలిస్తే 25,000 రూపాయలు జరిమానాగా 2016 డిసెంబరులోనే అదే ట్రిబ్యునల్ నిర్ణయించింది.

ఆ మంటలో ఏం కాలుతుందో మన పనివారికి ఒకరు చెప్పనక్కర్లేదు. పాత బోర్డుల అతుకుల్లో సీసం ఉంటుంది. వైరు మీది పీవీసీ తొడుగు కాలితే డయాక్సిన్లు, ఫ్యూరాన్లు పుడతాయి; లోపలి రాగి వాటి పుట్టుకను ఇంకా పెంచుతుంది. పొగ గాలికి పోయినా విషం నేలలో దిగి తిండిలోకి వస్తుంది. ఘనా రాజధాని అక్రాలో, ఓడా నది పక్కనున్న అగ్బోగ్‌బ్లోషీ తుక్కు యార్డు దగ్గర మేసిన కోళ్ల గుడ్లను పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. అక్కడి గుడ్డు ఒక్కటి తిన్నా, ఐరోపా ఆహార భద్రతా సంస్థ రోజుకు ఒప్పుకునే డయాక్సిన్ల పరిమితికి 220 రెట్లు ఒంట్లో చేరుతుందని తేలింది. ఆ గుడ్లు తినేది అక్కడి పిల్లలే.

కాల్చే కూలీని ఈ సభ దోషిగా చూడటం లేదు. అగ్బోగ్‌బ్లోషీ యార్డును 2021 జులైలో బుల్‌డోజర్లతో కూల్చేశారు. మంటలు ఆరలేదు, చుట్టుపక్కలకు చెదిరాయి. తరిమితే ఆగే పని కాదిది. లావు వైరును యంత్రంతో ఒలిస్తే మెరిసే రాగికి కాల్చిన రాగికన్నా మంచి ధరే వస్తుంది. కాని సన్నవైరు చేతికి ఒలవదు, దాన్ని పొడి చేసి రాగిని వేరు చేసే యంత్రం కూలీకి అందదు. అందుకే అగ్గిపెట్టె వాడతాడు.

కాబట్టి, పనికిరాని బోర్డులను, పిక్చర్ ట్యూబులను, వైర్ల ముక్కలను ఎక్కువ రేటు ఇచ్చాడని ఊరూపేరూ చెప్పని తుక్కు వ్యాపారికి మన సభ్యులెవరూ అమ్మరాదని ఈ సభ తీర్మానిస్తోంది. రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇచ్చి రసీదు ఉంచుకోవాలి. ఒక్కో దుకాణంలో పోగయ్యే సరుకు వారికి చాలదు గనుక, సంఘమే ఒకచోట పోగుచేసి పంపుతుంది, వచ్చిన డబ్బు తూకాన్ని బట్టి సభ్యులకు పంచుతుంది. ఇందులో కొంత రేటు తగ్గినా భరించడానికి సభ్యులు ఒప్పుకున్నారు.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారం, తుక్కు విడదీసే పనికి స్థలం చూపాల్సింది రాష్ట్ర పరిశ్రమల శాఖ. ఆ పనివారిని గుర్తించి, నమోదు చేసి, శిక్షణ ఇవ్వాల్సింది కార్మిక శాఖ. ఆ రెండు పనులూ వెంటనే మొదలుపెట్టాలని, సన్నవైర్ల యంత్రాలను ఆ స్థలంలో ఉమ్మడిగా వాడుకునే వీలు కల్పించాలని ఈ సభ డిమాండ్ చేస్తోంది. మూసీ ఒడ్డున, చెరువు గట్లపైన రాత్రిపూట నిఘా పెట్టాలి. జరిమానా మాత్రం సరుకు పంపిన వ్యాపారి దగ్గరే వసూలు చేయాలి, మంట దగ్గర దొరికిన కూలీ దగ్గర కాదు.

ఈ తీర్మానం ప్రతులను కాలుష్య నియంత్రణ మండలికి, నగరపాలక సంస్థకు, పై రెండు శాఖలకు కార్యదర్శి స్వయంగా అందజేసి, అందినట్టు సంతకాలు తీసుకుని వచ్చే సమావేశంలో చూపాలి.