చెలక మన్ను బట్టీకి పోవద్దు

ఎండాకాలం వచ్చిందంటే ఇటుక బట్టీలవాళ్లు మన చెలకల వెంట తిరుగుతారు. అప్పు మీదపడ్డ రైతు నాలుగు పైసలకు ఆశపడి అడుగు లోతు మన్ను ఇచ్చేస్తున్నాడు. ఆ రైతును మేం తప్పుపట్టడం లేదు. కానీ ఆ డబ్బు ఒక్క కారు దాకా నిలవదు. పోయిన మన్ను మనుమల కాలానికీ తిరిగిరాదు. దేవరకొండ చుట్టుపక్కల ఎన్నో ఎర్ర చెలకల్లో కొంచెం తవ్వితే మొరం తేలుతుంది. పంటకు బలమిచ్చేదీ, వాన పదును పట్టి ఉంచేదీ ఆ పై మన్నే.

లెక్క చూద్దాం. వెయ్యి ఇటుకలకు దాదాపు 3 టన్నుల మన్ను కావాలి. 15 వేల ఇటుకలు పట్టే ఇల్లు ఒక్కటే 45 టన్నులు మింగుతుంది. ఊరూరా ఇందిరమ్మ ఇళ్లు లేస్తున్నాయి. ఈ మన్నంతా ఎవరి చెలకలది?

ఇటు మన్ను తరిగిపోతుంటే, అటు మన జిల్లాలోనే బూడిద పేరుకుపోతున్నది. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టారు. 2024 డిసెంబర్‌లో దాని తొలి యూనిట్‌ను ముఖ్యమంత్రి ప్రారంభించారు. మన దేశపు బొగ్గు వంద టన్నులు కాలిస్తే 30 నుంచి 40 టన్నుల బూడిద మిగులుతుంది. అందులో మెత్తని పొడి బూడిదను సిమెంటు కర్మాగారాలు కలుపుకుంటాయి. అదే బూడిదలో సున్నం, జిప్సం, ఇసుక లేదా రాతిపొడి కలిపి యంత్రంతో అచ్చు పోస్తే ఇటుక అవుతుంది. కొన్నింటిలో సున్నానికి బదులు సిమెంటు వేస్తారు. కాల్చే పని లేదు, నీళ్లతో తడిపితే గట్టిపడుతుంది. చెలక మన్ను పిడికెడు కూడా అక్కర్లేదు.

చట్టం కూడా ఇదే చెబుతున్నది. పై మన్నును కాపాడాలనే కేంద్ర పర్యావరణ శాఖ 1999లో బూడిద వాడకంపై మొదటి నోటిఫికేషన్ ఇచ్చింది. 2021 డిసెంబర్ 31 నాటి నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ కేంద్రాలు తమ బూడిదనంతా వినియోగంలోకి తేవాలి. 300 కిలోమీటర్ల లోపు నిర్మాణాల్లో బూడిద ఇటుకలు వాడాలి. దేవరకొండ ఆ లోపలే ఉన్నది. చట్టం కాగితం మీద ఉంటే చాలదు, ఇటుక మన ఊరికి రావాలి.

అందుకే మేం అడుగుతున్నాం. దేవరకొండలో మహిళా సంఘాలతో బూడిద ఇటుకల యూనిట్లు పెట్టించాలి. బూడిదను ఉచితంగా, రవాణా ఖర్చు లేకుండా అక్కడికి చేర్చాలి. ఇందిరమ్మ లబ్ధిదారులకు మట్టి ఇటుక కంటే ఎక్కువ పడకుండా అమ్మాలి. అనుమతి లేకుండా చెలకలు తవ్వేవాళ్లపై చర్య తీసుకోవాలి.

ఒక హెచ్చరిక కూడా చేస్తున్నాం. ఇటుకలో కలిసిన బూడిద వేరు, గాలిలో ఎగిరే బూడిద వేరు. పట్టా కప్పని లారీలను ఊళ్ల మీదుగా పోనీయవద్దు. బూడిద చెరువుల ఊట పక్క పొలాలకు, బావులకు చేరకుండా అధికారులు చూడాలి. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన జిల్లా ఇది. ఇంకో విషాన్ని తట్టుకోలేదు.

ఇల్లు కట్టే రైతులకు ఒక మాట. బూడిద ఇటుక కొనేముందు రెండింటిని ఒకదానితో ఒకటి కొట్టి చూడండి, ఖంగుమని మోగాలి. ఒకటి రాత్రంతా నీళ్లలో వేయండి, అంచులు రాలకూడదు. మంచిదైతేనే తీసుకోండి. మన్ను కోసం బట్టీవాడు వస్తే ముందు సంఘానికి కబురు పెట్టండి. అప్పు సంగతి కలిసి మాట్లాడుదాం, చెలకను మాత్రం కాపాడుకుందాం.