పెద్దపండుగలో తల్లి వంతు

సంక్రాంతి తెలుగువారికి పెద్దపండుగ. ధనుర్మాసము ప్రవేశించినది మొదలు కనుమ దాటువరకు ఇంటి ముంగిట ముగ్గులును, ముగ్గులలో గొబ్బెమ్మలును, వీధిలో హరిదాసు పాటయు, గంగిరెద్దువాని సన్నాయియు నెలదినములు మనకు కనుల పండువు, వీనుల విందు చేయుచున్నవి. ఈ కళను చూచి ఆనందింపని వారు లేరు. కాని ఇది ఎవరి రెక్కల కష్టముమీద నిలిచియున్నదో విచారించువారు అరుదు. పగలు ఉద్యోగము, రాత్రి పిండివంటలు, నడుమ పిల్లల సెలవులు, బంధువుల రాకపోకలు. వీనిక్రింద నలిగి, భోగినాటికే సొమ్మసిల్లి, పండుగనాడు అందరితో కూర్చుండి నాలుగు మెతుకులు తినుటకైన ఓపికలేని తల్లులు నేడు మన పట్టణములలో ప్రతి వీధియందును ఉన్నారు. వారికి పండుగ యెప్పుడు? ఇదియే మా ప్రశ్న.

ఈ ప్రశ్నకు మనవారు చెప్పు సమాధానము చిత్రమైనది. తల్లి ముందుగా జాబితా వ్రాసికొనవలెనట. దినమునకొక పని చొప్పున ముగించుకొనవలెనట. తెల్లవారుజామున లేవవలెనట. మనసు కలతపడకుండ ప్రాణాయామము చేయవలెనట. ఈ హితోపదేశము వినవలసినది తల్లియే, ఆచరింపవలసినదియు తల్లియే. ఇంటిలోని తక్కినవారు ఆమె జాబితా ఎంతవరకు వచ్చినదో అడిగి తెలిసికొందురు కాబోలు! నెత్తిమీది మూటలో గింజయైన తగ్గింపక, మోయుచున్నవారికి నడక నేర్పుట ఉపకారమా? తల్లులకు పని పెట్టుకొనుట చేతకాక ఈ అవస్థ కలుగుచున్నదను మాటను మేము ఒప్పుకొనము. పది చేతుల పనిని రెండు చేతులపై పెట్టినందున ఈ అవస్థ కలుగుచున్నది.

పండుగ ఆచారములు ఎట్టి యింటిలో పుట్టినవో ఒక్కమారు తలచుకొందము. పంట ఇల్లు చేరినది. పొలమున పని తగ్గినది. ఇంట అత్తయు, తోడికోడండ్రును, పుట్టింటికి వచ్చిన ఆడపడుచులును ఉన్నారు. ఇరుగుపొరుగు స్త్రీలు రోకలి పట్టుటకు వచ్చెదరు. అట్టి యింట అరిసెలు వండుట సహజము. అరిసె ఒంటిచేతి వంట కానేకాదు. బియ్యము ముందుగనే నానబోయవలెను; నీరు వాడ్చి, తడి ఆరకముందే దంచి జల్లింపవలెను; బెల్లము పాకము పట్టవలెను. పాకము ముదిరినచో అరిసె రాయి యగును; లేతయైనచో నూనెలో విచ్చిపోవును. ఒకరు పిండి పోయుచుండగా మరియొకరు తెడ్డు త్రిప్పవలెను. ఒకరు తట్టి మూకుడులో వేయగా, వేరొకరు తీసి చెక్కలనడుమ ఒత్తి నూనె కార్చవలెను. తెలంగాణమునందలి సకినాలును ఇట్టివే. వాము, నువ్వులు కలిపిన బియ్యపుపిండిని బట్టమీద చుట్టలు చుట్టలుగా వేయుటకు నలుగురు చుట్టును చేరి కూర్చుండవలెను. ఆ కబుర్లును, ఆ నవ్వులును కలిసియే అది పండుగ పని యైనది.

నేటి ఇంటిలో ఆ నలుగురెక్కడ? హైదరాబాదులోనో, విజయవాడలోనో, విశాఖపట్టణములోనో మేడమీద మూడు గదుల కాపురము. అత్తగారు ఊరిలో, తోడికోడలు మరియొక దేశములో, ఆడపడుచు మరియొక నగరములో ఉన్నారు. చేతులు తరలిపోయినవి, పనుల పట్టిక మాత్రము పాతయింటిదే నిలిచినది. నిలుచుటయే కాదు, పెరిగినది. 2024 నవంబరు 1 నుండి రైలు టికెట్టును ప్రయాణమునకు 60 దినములకంటె ముందు తీసికొనుటకు వీలులేకుండ నియమము మారినది. కావున భోగికి ఊరు చేరదలచినవారు నవంబరు రెండవ వారమున ఉదయమే కాచుకొని కూర్చుండవలెను. ఆ తేదీ ఎవరికి జ్ఞాపకముండవలెను? తల్లికి. పిల్లలకు బట్టల కొలతలు, మామగారికి మందులు, చంటివానికి భోగిపండ్ల పేరంటము, క్రొత్తయల్లునికి పెట్టుబడి, ఎవరికి ఏ తీపి గిట్టదో, ఇవన్నియు ఎవరి తలలో తిరుగుచుండవలెను? ఆమె తలలోనే. చేతిపని కంటికి కనబడును. ఈ తలపని ఎవరికిని కనబడదు. ఆంధ్రప్రదేశమున పాఠశాలలకు సంక్రాంతి సెలవులు వారమునకు మించి వచ్చుచుండగా, తల్లికి ఆఫీసువారు రెండు మూడు దినములిచ్చిన ఘనము. మిగిలిన దినములలో పిల్లలను ఎవరు చూతురను చింతయు ఆమెదే.

మేము ఆవేశముచేత మాట్లాడుచున్నామని కొంద రనవచ్చును. వారికి లెక్కలనే చూపుదము. జాతీయ గణాంక కార్యాలయమువారు 2019లో దేశప్రజలు దినమును ఎట్లు గడుపుచున్నారో విచారించిరి. జీతములేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. అసలు ఆ పనిలో చేయిపెట్టినవారు స్త్రీలలో నూటికి 81 మంది. పురుషులలో 26 మంది మాత్రమే. 2024లో మరల విచారింపగా స్త్రీల నిమిషములు 289కి దిగినవి. సంతోషింపవచ్చునా? పురుషుల నిమిషములును 97 నుండి 88కి దిగినవి! ఐదేండ్లలో ఆమెకు పది నిమిషముల బరువు తగ్గగా, ఆయనయు తొమ్మిది నిమిషములు తగ్గించుకొనెను. ఇది ఏడాది పొడవునను నడచు దినచర్య లెక్క. పండుగ వారమున ఈ త్రాసు ఏవైపు మొగ్గునో చెప్పుటకు గణాంకశాస్త్రజ్ఞులు అక్కరలేదు.

2021 జనవరి 5న సుప్రీముకోర్టు ఒక తీర్పు వెలువరించెను. రోడ్డు ప్రమాదమున మరణించిన దంపతుల కుటుంబమునకు రావలసిన పరిహారము అందలి వ్యాజ్యము. తెలుగువారైన న్యాయమూర్తి నూతలపాటి వేంకటరమణగారు అందు వేరుగా వ్రాసిన అభిప్రాయమున ఈ 2019 నాటి లెక్కలనే ఉదహరించి, గృహిణి పనిచేయదనియు, ఆమె వలన ఇంటికి ఆర్థిక ప్రయోజనము లేదనియు తలచు భావమును మనము విడనాడవలెనని తెలిపిరి. మరణించిన పిదప ఆమె శ్రమకు న్యాయస్థానము వెల కట్టుచున్నది. బ్రతికియుండగా దానిని గుర్తింపవలసిన ఇల్లు ఏమి చేయుచున్నది?

ఇక ఆక్షేపణలకు వత్తము. పురుషుడు వంటయింట దూరినచో సంప్రదాయము చెడునందురు. ఏ సంప్రదాయము? వంటకు మనము చెప్పుకొను పేర్లు నలుడు, భీముడు. తిరుమల ఆలయపు పోటులో శ్రీవారి లడ్డూలు కట్టువారు పురుషులు. పెండ్లిండ్లలో గాడిపొయ్యి ముందు నిలిచి వందలమందికి వండువారు పురుషులు. దేవుని నైవేద్యమునకును, ఊరివారి విందునకును పనికివచ్చిన మగచేయి సొంత బిడ్డల జంతికలకు పనికిరాకపోవునా? కూలికైనచో వృత్తి, ఇంటికైనచో అవమానమా?

స్త్రీలే పనిని వదలిపెట్టరని రెండవ ఆక్షేపణ. ఇందు కొంత నిజము లేకపోలేదు. అరిసె మాడినచో, ముగ్గు వంకరపోయినచో ఊరంతయు ఆమెనే అనును గాని ఆయనను అనదు. మాట పడవలసినవారు పగ్గము విడువకుండుటలో వింత యేమున్నది? మాట పంచుకొనుడు, ఆమె పనియు పంచుకొనును. అత్తగార్లకును మేమొక మనవి చేయుచున్నాము. మీరు నలుగురితో కలిసి చేసిన పనిని కోడలు ఒంటరిగా చేయవలెనని కోరుట ధర్మముకాదు.

బజారులో కొనిన సరిపోవునందురు మరికొందరు. కొనుటను మేము నిషేధింపము. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. వేడికుండమీద ఆ రేకులు తీయు స్త్రీలకు మన కొనుగోలు అన్నము పెట్టును. కాని ఏమి కొనవలెను, ఎప్పుడు, ఎంత అని ఆలోచించు భారము తిరిగి తల్లిదే యైనచో ఫలమేమి? పనిమనిషిపై నెట్టుట అంతకంటెను అన్యాయము. ఆమెయు తల్లియే, ఆమె యింటను భోగిమంట ఉన్నది. ఆమెకు పండుగ మూడు దినములు జీతముతో సెలవిచ్చుట మర్యాదస్తుల ఇంటికి కనీస ధర్మము.

మరి చేయవలసిన దేమి? నవంబరు మొదటి ఆదివారమున ఇంటిల్లిపాది కూర్చుండవలెను. తల్లి తలలోనున్న పనులన్నిటిని కాగితముమీదికి దింపవలెను. వ్రాయువాడు తండ్రి కావలెను. వ్రాయుచుండగనే ఆయనకు సగము జ్ఞానోదయమగును. పిదప ప్రతి పనికిని, ఇది మనకు సంతోషము నిచ్చునా, పొరుగువారి మాటకు జడిసి చేయుచున్నామా అని ప్రశ్నించి, రెండవ తెగవానిని నిర్దాక్షిణ్యముగా కొట్టివేయవలెను. మిగిలినవానిని పేరుపేరున పంచవలెను. సాయపడుట వేరు, బాధ్యత వహించుట వేరు. పిలిచినప్పుడు వచ్చి బెల్లము తరిగి పోవువాడు సాయగాడు. ప్రయాణము తనదైనవాడు టికెట్టు తేదీ మొదలు తిరిగి ఇల్లు చేరువరకు తానే జ్ఞాపకముంచుకొనవలెను. ఆమెను ఒక్కమాటయు అడుగరాదు. పిండివంటలు ఇంట ఒకటి రెండు చాలును. ఒకే కట్టడములో నివసించు నాలుగు కుటుంబములు తలా ఒక్క రకము చేసి పంచుకొన్నచో నాలుగు రకములును అమరును, పాత లోగిలి సందడియు మరల వచ్చును. బొమ్మలకొలువు పిల్లల చేతికీయుడు, వంకరగా నుండనీయుడు. ముగ్గు మగపిల్లవాడును వేయవచ్చును, గొబ్బెమ్మ కోపింపదు.

కనుమనాటి ధర్మము మనకందరకు తెలిసినదే. ఏడాది పొడవున పొలము దున్నిన ఎద్దును ఆనాడు కాడికి కట్టము. కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, దండము పెట్టుదుము. కనుమనాడు కాకియైన కదలదని పెద్దలనిరి. కనుమనాడు మినుము తినవలెననియు ఆ పెద్దలే యనిరి. ఎద్దు విశ్రమించినది, కాకి విశ్రమించినది. ఆ మినపపప్పు నానబోసి, రుబ్బి, గారెలు వేయుచున్న దెవరు? నోరులేని పశువుయొక్క శ్రమను గుర్తించి దానికొక పండుగ నేర్పరచిన జాతి మనది. అట్టి జాతి ఇంటి ఇల్లాలికి ఒక్క దినము విశ్రాంతి నీయలేకున్నదన్నచో వినువారు నవ్వరా? సోదరులారా, రాబోవు కనుమనాడు గారెల మూకుడు మీరు పట్టుడు. గారె గుండ్రముగా రాకున్నను ఆమె నవ్వుచు తినును. ఆ నవ్వు ఆ యింట ఎన్నేండ్లకు వినబడినదో మీరే లెక్కించుకొనుడు.